వాసుదేవ్ గాలిలో ఉన్న ఐదు గంటలు

పూనం మొగుడు వాసుదేవ్ ఆమె మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. మా షోలాపూర్ బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. మెత్తని మనిషి, తాగడు, గొంతు పెంచి మాట్లాడడు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎత్తలేదు, ఒప్పుకుంటాను. ఎత్తాల్సిన అవసరం ఆయనకు రాలేదు. కొట్టడానికి ఇంట్లో తమ్ముడు ఋషికేశ్ ఉన్నాడు.

నా పేరు ఆరతి. అశోక్ చౌక్ దగ్గర తెలుగు బడిలో పాఠాలు చెప్పి, పోయినేడే రిటైరై ఇంటికి వచ్చి కూర్చున్నాను. మా అమ్మ ఈ కాలనీలోనే బీడీలు చుట్టి నన్ను చదివించింది. ఇక్కడ అందరూ నన్ను 'బాయీ' అని పిలుస్తారు, మరాఠీ బళ్ళలో పంతులమ్మను పిలిచినట్టు. పూనం వాళ్ళది నా పక్కిల్లు. మధ్య గోడ ఎంత పలచనంటే, వాళ్ళ పోపు ఘాటుకు నాకు దగ్గు వచ్చేది. అందుకే ఆ ఇంట్లో ఏం జరిగేదో నేను ఎవరి నోటా వినలేదు, నా చెవులతోనే విన్నాను.

వాసుదేవ్ మంచం మీద కూర్చుని "ఋషీ" అని పిలిచేవాడు. నిద్రపోతున్న పసిపిల్లను లేపుతున్నంత మెత్తగా పిలిచేవాడు. తమ్ముడు ముందు గదిలోంచి వచ్చి నిలబడేవాడు. "రెండు" అంటే రెండు దెబ్బలు. ఒక్కోసారి లెక్క ఉండేది కాదు. గోడ అవతల పూనం అరుపు, దెబ్బ చప్పుడు, మళ్ళీ అరుపు, చివరికి వాసుదేవ్ గొంతు: "చాల్." ఆ మాట పడగానే చప్పుడు ఆగిపోయేది. కాసేపటికి అన్నదమ్ములిద్దరూ భోజనానికి కూర్చునేవాళ్ళు. వడ్డించేది పూనమే.

వాళ్ళిద్దరికీ తల్లిదండ్రులు చిన్నప్పుడే పోయారు. అన్నే తమ్ముణ్ణి సాకాడు. వాసుదేవ్ బక్కపలచని మనిషి. పవర్‌లూమ్ షెడ్డులో జాబర్ పని, అంటే చెడిపోయిన మగ్గాలను విప్పి బాగు చేసేవాడు. చేతిలో గొప్ప పనితనం ఉంది, కాదనను. ఋషికేశ్ ఎదిగేకొద్దీ దుక్కలా తయారయ్యాడు. షెడ్డులో ఎవరైనా అన్నకు ఎదురు చెబితే అన్న కంటితో చూపించేవాడు, తమ్ముడు చేత్తో చెప్పేవాడు. అలా ఒకడు ఆలోచించడానికీ, ఇంకొకడు కొట్టడానికీ అలవాటు పడ్డారు. తర్వాత ఋషికేశ్ బీడీ కంపెనీ బ్రాంచిలో చెకర్‌గా చేరాడు. కాలనీ ఆడవాళ్ళు చుట్టి తెచ్చిన బీడీలను పరీక్షించి, బాగున్నవి తీసుకుని, బాగాలేనివి విరిచి పారేసే పని అది. ఆ పని వాడికి భలే నప్పింది.

మూడేళ్ళ కిందట ఆఫ్రికాలో ఇథియోపియా దేశంలో ఒక బట్టల మిల్లుకు పాత మగ్గాలు తెలిసిన జాబర్లు కావలసివచ్చి వాసుదేవ్‌ను తీసుకున్నారు. కాలనీ అంతా పేడాలు పంచారు. నేనూ తిన్నాను, అందరికంటే ఎక్కువ సంతోషంతో తిన్నాను. సాయంత్రం పూనంను పిలిచి ఫోన్‌లో పటం చూపించాను. ముంబై విమానాశ్రయం నుంచి అడిస్ అబాబా విమానాశ్రయం దాకా సముద్రం మీదుగా ఒక వంపు గీత. మూడువేల ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు.

"నడుమ గింత నీళ్ళున్నయా బాయీ?" అని వేలితో ఆ నీలం మీద రాసి చూసింది. ఆమె పళ్ళు కనబడేలా నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను. ముందు పన్ను ఒకటి లేదని కూడా అప్పుడే తెలిసింది.

ఆయన వెళ్ళాక ఆ సంతోషం వారం నిలిచింది. వారం తర్వాత గోడ అవతల నుంచి మళ్ళీ ఆ మెత్తని పిలుపు వినబడింది. "ఋషీ."  తిరిగొచ్చేశాడేమో అనుకుని వెళ్ళి వాళ్ళ తలుపు తోసి చూశాను. రాలేదు. ఆఫ్రికాలోనే ఉన్నాడు. గూట్లో తంబాకు డబ్బాకు ఆనించిన ఫోన్‌లో ఆయన ముఖం ఉంది. అక్కడి నుంచి "రెండు" అన్నాడు, ఇక్కడ రెండు పడ్డాయి. అక్కడి నుంచి "చాల్" అన్నాడు, ఇక్కడ ఆగాయి. సముద్రం దేనికీ అడ్డం రాలేదు.

అప్పటి నుంచి రోజంతా ఫోన్లే. లేవగానే ఒకటి, బీడీలకు కూర్చుంటే ఒకటి, వంట చేస్తే ఒకటి. ఇల్లు తిప్పి చూపించాలి, తలుపు వెనక చూపించాలి. ఎత్తడం ఆలస్యమైతే తమ్ముడి ఫోన్ మోగేది. ఒకసారి ఆయన సెలవుకు వచ్చి వెళ్ళాక పూనం కడుపుతో ఉంది. నాలుగో నెల. కూరగాయల బండివాడితో ఎందుకు నవ్వావని అడిగాడట. నవ్వలేదంది. ఆయన ఫోన్‌లోంచి తమ్ముడికి ఎక్కడ తన్నాలో చెప్పాడు.

"అన్నా, గక్కడ వద్దే," అన్నాడు ఋషికేశ్. నేను గోడకు చెవి ఆనించి ఉన్నాను.

"నేను జెప్పిన గద," అన్నాడు వాసుదేవ్.

తన్నాడు. నేను తలుపు బాదుతూనే ఉన్నాను, లోపల్నుంచి గొళ్ళెం తియ్యలేదు. "చాల్" అన్న మాట వచ్చేసరికి ఆ పిల్లో పిల్లాడో లేకుండా పోయారు. రిక్షాలో ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. గిన్నెలు తోమే మోరీ దగ్గర కాలు జారిందని డాక్టరుకు చెప్పింది పూనం. నిజం చెప్పవేమే అని నేను ఆమె మీదే కేకలేశాను. బయట మెట్ల మీద ఋషికేశ్ తల పట్టుకుని ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు చూసి కరిగే మనిషిని కాను. వాడి మీద ఉమ్మేసి వచ్చాను.

పూనం ఊరుకోలేదు. రెండుసార్లు పారిపోయింది. మొదటిసారి ఎస్టీ బస్సుల స్టాండులోనే ఋషికేశ్‌కు దొరికింది. రెండోసారి సిరిసిల్లలో చిన్నమ్మ ఇంటిదాకా పోగలిగింది. అక్కడి నుంచి జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. రెండుసార్లూ పట్టించింది ఫోనే. ఒక్క ఫోన్ ఎత్తకపోతే చాలు, అటు అన్నకు అనుమానం, ఇటు తమ్ముడు వీధిలో.

ఈ ఏడు శ్రావణంలో నారళీ పున్నానికి మార్కండేయ రథం వచ్చింది. ఆ రోజు మా పద్మశాలీల మగ్గాలన్నీ బందు, ఇంట్లో ఎవరూ ఉండరు. పూనం ఫోన్‌ను బియ్యం డబ్బాలో పడేసి, మాతోపాటు రథం వెనక నడిచింది. రోజంతా నడిచింది. పసుపుపచ్చ చీర కట్టి, తలలో పూలు పెట్టి, గలగలలాడే లేజీం పట్టి ఆడేవాళ్ళను చూసి చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చాక దెబ్బలు తిన్నది, అది ఎలాగూ తెలిసిందే. కానీ ఈసారి వాసుదేవ్ "చాల్" అన్న తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు.

"నేనొస్తున్న. ఈసారి నీ వేళ్ళు తీపిస్త."

బీడీలు చుట్టే మనిషికి వేళ్ళు పోతే ఏం మిగులుతుంది? పూనం ఆ మాట నాకు చెప్పినప్పుడు చేతులు రెండూ కొంగులో దాచుకుని చెప్పింది. ఉత్తి బెదిరింపు కాదు. వాసుదేవ్ ఇంతవరకు అన్న మాట ఏదీ చేయించకుండా వదల్లేదు.

మా వరసలో చివరింటి నర్సమ్మ పెద్ద మనిషి. అందరికీ నర్సవ్వ. ఆమె వాకిట్లోనే మా ఆడవాళ్ళందరూ చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతారు. పూనంను ఈసారి దాటించాల్సిందేనని ఆ వాకిట్లోనే అనుకున్నాం. వాసుదేవ్ టికెట్టు ఫొటో తమ్ముడికి పంపాడు, తమ్ముడు అన్న విమానంలో వస్తున్నాడని గొప్పగా కాలనీ అంతా చూపించాడు. ఆ ఫొటో నా ఫోన్‌లోకీ వచ్చింది. అడిస్ అబాబాలో పొద్దున తొమ్మిదిన్నరకు లేస్తుంది, ముంబైలో సాయంత్రం ఐదుకు దిగుతుంది.

"ఏడున్నర గంటలు," అంది నర్సవ్వ వేళ్ళు మడిచి. "పోయినప్పుడు గంత సేపు పట్టలేదు గద. అప్పటి టికెట్టుల ఎక్కుడుకు దిగుడుకు నడుమ రెండున్నర గంటలే ఉండె, నాకు యాదుంది. వచ్చేటప్పుడు సామాను బరువుంటదేమో."

వాకిట్లో అందరూ నిజమే అన్నట్టు తలలు ఊపారు. నాకు నవ్వొచ్చింది. మన గడియారం వాళ్ళ గడియారం కంటే రెండున్నర గంటలు ముందుంటుందని చెప్పాను. అక్కడ తొమ్మిదిన్నర అంటే మనకు పన్నెండు. పన్నెండుకు ఎక్కి ఐదుకు దిగుతాడు. పోవడానికైనా రావడానికైనా విమానం గాలిలో ఉండేది దాదాపు ఐదు గంటలే.

"గాలిల ఉన్నంతసేపు ఫోన్?" అని అడిగింది పూనం.

"బందు."

 నర్సవ్వ చాట కింద పెట్టి, "అయితే గా నోరు ఐదు గంటలు మూత పడుతదన్నట్టు," అంది.

అంతే, దారి దొరికింది. పన్నెండుకు వాసుదేవ్ ఫోన్ చేసి ఎక్కుతున్నానని చెబుతాడు. పూనం అప్పుడు బయల్దేరితే ఐదుకల్లా హైదరాబాదు దగ్గరికి చేరిపోతుంది. అక్కడ నా పాత విద్యార్థిని ఒకామె కుట్టుమిషన్ల షెడ్డు నడుపుతోంది. ఆ సంగతి అన్నదమ్ములకు తెలియదు. మిగిలింది ఋషికేశ్. మధ్యాహ్నం బ్రాంచిలో బీడీలు అప్పజెప్పే వేళ. పూనం రాకపోతే వెంటనే ఇంటికొస్తాడు. కాబట్టి ఆమె వాటా బీడీలు అందరం కలిసి చుట్టి, పూనంకు జ్వరమని నర్సవ్వ పట్టుకెళ్ళాలి. ఎవరికైనా కానుపో కర్మో వస్తే కంపెనీలో వాళ్ళ పని కార్డు ఆగిపోకుండా మిగతావాళ్ళు చుట్టి పెట్టడం మాలో ఉన్నదే.

ఆ రోజు మా ఆడవాళ్ళు చుట్టిన బీడీలు చూడాలి. నేను కూడా ఎన్నో ఏళ్ళ తర్వాత కత్తెర పట్టి ఆకు కత్తిరించాను. మయూరి అనే పిల్ల, కాలనీలో అందరికంటే వేగంగా చుట్టే పిల్ల, ఆ రోజు ఒక్కొక్క దాన్ని నగ చేసినంత జాగ్రత్తగా చుట్టింది. ఒక్కటి వంకర లేదు, ఒక్క ఆకు చిరగలేదు. విరిచి పారేయడానికి ఋషికేశ్‌కు వంక దొరక్కూడదని.

పన్నెండుకు ఫోన్ వచ్చింది. నేను గోడ ఇవతల నుంచి విన్నాను. "కూసున్న. ఇగ బందు జేస్త. ఇంట్లనే ఉండు," అన్నాడు వాసుదేవ్. పూనం "ఆఁ" అంది. ఆ తర్వాత ఆమె ఒక సంచీతో నా వెనక గుమ్మంలోంచి బయటికొచ్చి, హైదరాబాదు రోడ్డు మీదికి నడిచి, వచ్చిన మొదటి బస్సు ఎక్కింది. నేను వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు వీధిలో పాడుకుంటూ వచ్చాను. అంత నమ్మకం నాకు.

బ్రాంచిలో ఏం జరిగిందో వరసలో వెనక నిలబడ్డ మయూరి చెప్పింది. నర్సవ్వ తన చాట ఇచ్చింది, తీసుకున్నాడు. పూనంది ఇచ్చింది. ఋషికేశ్ ఒక కట్ట ఎత్తి వేళ్ళ మధ్య తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"వదినె చెయ్యి గాదిది," అన్నాడు.

"జరమొచ్చింది బిడ్డా. చేతులు వణుకుతున్నయ్."

"చెయ్యి వణికితే దారం ఎదురు తిరుగుతదా?"

పూనంది ఎడమచేతి వాటం. ఆమె బీడీకి దారం మిగతా అందరికీ ఎదురు దిక్కుగా తిరుగుతుంది. ఆ వాకిట్లో ఏళ్ళ తరబడి పక్కపక్కనే కూర్చున్నాం, ఆమె ఎడమచేత్తో కడుతుందని అందరికీ తెలుసు. అయినా ఒక్కరికీ తట్టలేదు. చక్కగా చుట్టాలి అన్న ఒక్క ఆరాటంలో, అందరం మా కుడిచేతులతో మా తీరునే కట్టాం. బీడీలు ఎంత బాగా కుదిరితే అంత బాగా పట్టుబడ్డాయి.

ఋషికేశ్ జేబులోంచి ఫోన్ తీసి అన్నకు కొట్టాడు. స్విచ్ ఆఫ్. మళ్ళీ కొట్టాడు. స్విచ్ ఆఫ్. వాడి ముఖం పాలిపోయిందని మయూరి చెప్పింది. "వదినె ఏడ?" అని అడిగాడు. ఇంట్లో ఉందంది నర్సవ్వ. చెంప మీద కొట్టాడు. ముసలామె కింద పడింది. ఫోన్ చూశాడు, మళ్ళీ అన్నకు కొట్టాడు, స్విచ్ ఆఫ్ అని విని ఆమెను డొక్కలో తన్నాడు. అలా ఒక్కో దెబ్బకూ ఫోన్ చూసుకుంటూ కొట్టాడు. చివరికి కూర్చునే పీట ఎత్తి ఆమె కుడిచేతి మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు బయట రోడ్డు దాకా వినిపించిందట. బ్రాంచిలోని మగవాళ్ళు బల్ల వెనక నిలబడి, "అరె సోడ్ రే, సోడ్" అని మరాఠీలో వదిలెయ్యమన్నారు. అంతకుమించి ఎవరూ కదల్లేదు. వాళ్ళ మగతనం ఆ బల్ల దాటి రాలేదు.

మయూరి పరుగున వచ్చి ఈ మాట చెప్పింది. మేము ఎంత తెలివిగా లెక్క వేశామనుకున్నామో! ఆ ఐదు గంటలు కొట్టమని చెప్పేవాడు ఉండడని లెక్క వేశాం. చాలని చెప్పేవాడు కూడా అదే విమానంలో ఉన్నాడని మాకు తట్టలేదు. ఎంత కొట్టాలో ఋషికేశ్‌కు ఏనాడూ తెలియదు. ఆ లెక్క ఎప్పుడూ అన్న దగ్గరే ఉండేది.

పూనంకు ఫోన్ చేశాను. హైదరాబాదు దారిలో నళదుర్గం దాటానంది. జరిగింది చెప్పి, వెనక్కి రావద్దు, నువ్వు పో అన్నాను.

"నర్సవ్వ బతికుందా?"

"ఉంది."

"వాడు ఆగిండా?"

"నువ్వు పోవే," అన్నాను. ఫోన్ పెట్టేసింది.

ఋషికేశ్ ఎస్టీ స్టాండుకు పోయి, వెతికి, అక్కడ దొరక్క పిచ్చెత్తినట్టు కాలనీకి తిరిగొచ్చాడు. చేతిలో ఇనప పైపు. అప్పటికి మేము నర్సవ్వ చేతికి ఓణీ చుట్టి ఆటోరిక్షా ఎక్కిస్తున్నాం. వాడు రిక్షా అద్దం పగలగొట్టాడు. డ్రైవరు దూకి పారిపోయాడు. ముసలామెను కాలు పట్టి కిందికి లాగాడు. "ఏడికి పంపిండ్రు? చెప్పుండ్రి! అన్న దిగంగనే నన్ను అడుగుతడు!" అని అరుస్తున్నాడు. వాడి కళ్ళల్లో కోపం కంటే భయమే ఎక్కువుంది. అలా భయపడ్డవాడి చేతి దెబ్బకు అదుపు ఉండదు.

నేను అడ్డంగా వెళ్ళాను. ధైర్యం కాదు అది, ఒళ్ళు తెలియని కోపం. "కొట్టరా, నన్ను కొట్టు," అన్నాను. కొట్టాడు. పైపు భుజం మీద పడింది. కళ్ళజోడు ఎగిరిపోయింది. నేల మీద పడ్డాక కాసేపు నాకు మట్టి తప్ప ఏమీ కనబడలేదు. వాడు నన్ను దాటి నర్సవ్వ మీదికి వెళ్ళాడు. ఒక దెబ్బ. ఇంకో దెబ్బ. ఆమె అరుపు కూడా ఆగిపోయింది. వీధిలో తలుపులు ఒక్కొక్కటీ మూసుకుంటున్న చప్పుడు వింటున్నాను. ఈవేళ ఈ ముసలామె చచ్చిపోతుంది అనుకున్నాను. నా ఐదు గంటల లెక్కే ఆమెను చంపుతోంది అనుకున్నాను.

అప్పుడు వీధి మొగదల నుంచి ఒక గొంతు వచ్చింది. గట్టిగా కాదు.

"ఋషీ. చాల్."

పూనం. ఏదో జీపులో నళదుర్గం నుంచి తిరిగొచ్చి, సంచీతో సహా నిలబడి ఉంది. వాసుదేవ్ ఎలా అనేవాడో అచ్చం అలాగే, అంతే మెత్తగా అంది. అన్నేళ్ళు ఆ మాట కోసం ఎదురుచూస్తూ దెబ్బలు తిన్న మనిషి కదా, ఆమెకు తెలియక ఎవరికి తెలుస్తుంది?

వాడి చెయ్యి పైకి లేచినది లేచినట్టే ఆగింది. నేను నా కళ్ళతో చూశాను. పైపు మెల్లగా కిందికి దిగింది. వాడు అటూ ఇటూ చూశాడు, అన్న ఎక్కడున్నాడా అన్నట్టు. ఆ ఒక్క క్షణం చాలు. మయూరి వెనక నుంచి చాటతో వాడి తల మీద కొట్టింది. మూసుకున్న తలుపులు తెరుచుకున్నాయి. చీపుళ్ళు, చెప్పులు, రొట్టె కర్రలు, ఎవరి చేతికి ఏది దొరికితే అది. పైపు ఎవరో లాక్కున్నారు. మోకాళ్ళ మీద పడ్డాడు, పళ్ళు రాలాయి, చొక్కా చిరిగి పేలికలైంది. నేను కూడా కొట్టాను, దాచను. బడిలో ఒక్క పిల్లాడి మీద బెత్తం ఎత్తని చేతులివి. చెప్పు తెగేదాకా కొట్టాను. ఆ తన్నుకు ఒకటి, ఆ పోయిన బిడ్డకు ఒకటి అని అరుస్తూ కొట్టాను. దానికి నాకు ఈరోజుకూ సిగ్గు లేదు.

పూనం మాత్రం వాణ్ణి ముట్టుకోలేదు. నర్సవ్వ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంకో రిక్షా వచ్చి నర్సవ్వను ఎక్కించాక, "ఇగ ఇడువుండ్రి," అని మాతో అంది. విడిచిపెట్టాం. అంతటితో ఆగగలిగామంటే అది ఆమె చలవే. లేకపోతే ఆవేళ మా చేతుల్లో వాడు పోయేవాడు.

గోడకు చేరగిలబడి రక్తం ఉమ్ముకుంటున్నాడు ఋషికేశ్. వాడి ఫోన్ మట్టిలో పడి ఉంది. అది మోగింది. ఐదు దాటింది. వాసుదేవ్ ముంబైలో దిగాడు.

పూనం ఫోన్ తీసి కొంగుతో తుడిచి ఎత్తింది. తెర మీద ఆయన ముఖం. ఇస్త్రీ చొక్కా, వెనకాల విమానాశ్రయం ఎత్తైన కప్పు, సామాన్ల బండ్లు తోసుకుపోతున్న జనం.

"ఋషీ, దిగిన..." అంటూ ఆగిపోయాడు. "వాని ఫోన్ నీ దగ్గరెందుకున్నది?"

పూనం జవాబు చెప్పకుండా ఫోన్ తిప్పి చూపించింది. ఇల్లు చూపించమని అన్నేళ్ళు అడిగాడు కదా, ఆవేళ వీధి మొత్తం చూపించింది. పగిలిన అద్దం, నేల మీద నెత్తురు, చీపుళ్ళు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు, చివరికి గోడ వారన తమ్ముడు.

వాసుదేవ్ ముఖం తెరకు దగ్గరగా తెచ్చాడు. తర్వాత మెత్తగా, "ఋషీ, లే," అన్నాడు. "నేనున్న. లేచి దానికి రెండు వెయ్యి."

ఋషికేశ్ తల ఎత్తాడు. వాచిపోయిన కళ్ళతో ఫోన్ వంక చూశాడు. లేవడానికి చేతులు నేలకు ఆనించాడు కూడా. నేను చెప్పు బిగించి పట్టుకున్నాను. కానీ వాడు మళ్ళీ కూలబడ్డాడు.

"నాతోని గాదే అన్నా," అన్నాడు.

"లేవమన్న!"

వాసుదేవ్ అరవగా వినడం మాలో ఎవరికైనా అదే మొదలు. "లే! కొట్టు! కొట్టురా!" అని ఆ విమానాశ్రయం నడిమధ్య నిలబడి ఫోన్‌లోకి అరుస్తున్నాడు. వెనకాల జనం ఆగి చూస్తున్నారు. ఒక పోలీసు దగ్గరికి నడిచి వస్తున్నాడు. ఆయన మెడ నరాలు ఉబ్బాయి, ఎంగిలి తెర మీద పడింది. ఎంత అరిచినా ఇక్కడ ఒక్క దెబ్బ పడలేదు.

పూనం ఫోన్‌ను తన ముఖానికి ఎదురుగా పెట్టుకుంది.

"నువ్వే రా," అంది. "ఈసారి నీ చేత్తోని నువ్వే కొట్టాలె."

పెట్టేసింది.

పోలీసులు వచ్చి ఋషికేశ్‌ను తీసుకెళ్ళారు, మా పేర్లు కూడా రాసుకున్నారు. రాసుకోనీ. నర్సవ్వ బతికింది గానీ కుడిచెయ్యి మడత పడదు, ఇక బీడీ చుట్టలేదు. ఆమెను చూసినప్పుడల్లా ఆ లెక్క వేసిన నా తెలివిని తిట్టుకుంటాను. పూనం హైదరాబాదు పోలేదు. పోవే, ఇప్పుడైనా పోవే అని నేనే పోరు పెట్టాను. వచ్చేవాణ్ణి ఇక్కడే చూస్తానంది.

మర్నాడు ముంబై రైలు వచ్చే వేళకు మా వీధి ఆడవాళ్ళం అందరం గుమ్మాల్లో నిలబడ్డాం. రాలేదు. ఆ మర్నాడూ నిలబడ్డాం. వారం గడిచాక, అక్కడ విమానాశ్రయం దగ్గరే ఒక గదిలో ఉండి, సెలవు సగంలోనే తిరిగి ఆఫ్రికా విమానం ఎక్కాడని తెలిసింది. మూడువేల ఎనిమిది వందల కిలోమీటర్ల సముద్రాన్ని ఐదు గంటల్లో దాటి వచ్చిన మనిషి. ముంబై నుంచి మా షోలాపూర్ ఎంత? నాలుగు వందలు. రైళ్ళున్నాయి, బస్సులున్నాయి, మా ఊరి హోట్గి రోడ్డులో ఇప్పుడు విమానం కూడా దిగుతోంది.

"అంత దూరం వచ్చి, ఇంత దూరం రాలేకపోయాడేమే?" అని పూనంను అడిగాను.

ఆమె ఆకు కత్తిరిస్తోంది. కత్తెర ఆపకుండానే చెప్పింది.

"వచ్చి ఏం జేస్తడు బాయీ? ఆయనకు కొట్టుడు రాదు."